కామయ్య నీళ్లు వద్దన్న సంగతి

ఉదయగిరి,
1979 సెప్టెంబరు 20.

మహారాజశ్రీ ఆత్మకూరు తాలూకా తహశీల్దారు గారి సముఖమునకు, ఉదయగిరి కాపురస్తురాలు, చెక్క చెంచాలు చెక్కే పని చేసి కాలం చేసిన షేక్ అబ్దుల్ రజాక్ భార్య షేక్ బీబమ్మ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆగస్టు పదిహేనున చేజర్ల నుంచి ఆత్మకూరుకు జరిగిన దూరపు పరుగు పందెంలో నా మనవడు వలి ఎండదెబ్బకు పడిపోయినప్పుడు, కామయ్య అనే పిల్లవాడు వాడి నోరు మూసిన మాట నిజమేననియు, అది కీడు తలచి కాదనియు, ఆ కారణంగా అతని నడవడిక సర్టిఫికెట్టు ఆపవద్దనియు.

ముందుగా తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పోయిన వారం తమరి కచేరీ వరండాలో నేను కూర్చుని ఉండగా, తమరు లోపల రెండు మూడుసార్లు నుదురు పట్టుకొన్నారు. ఎండకు వచ్చిన తలనొప్పి అయితే ఫరవాలేదు. కంటికి సంబంధించినదైతే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అమ్మగారికి దగ్గు నెమ్మదించిందా. తమరి బంగళా గేటు దగ్గర నిలబడినప్పుడు లోపలినుంచి వినపడింది, పొడిదగ్గు. చిన్నబాబుకు పాలపళ్లు ఊడుతున్నాయని జవాను చెప్పాడు. నిద్రలో పన్ను మింగకుండా చూసుకోవాలి. ఆ జవానుకు మోకాలు వాచి ఉంది, అతను తమరికి చెప్పుకోడు. డ్రైవరు గారు కులాసాయే అనుకొంటాను.

ఇక్కడ నాకు వయసుతో వచ్చిన నొప్పులు తప్ప కొత్తవి లేవు. ఆత్మకూరులో ఉన్న నా చెల్లెలి కూతురు జీనత్ బాగుంది. మా వలి లేచి తిరుగుతున్నాడు, పూట అన్నం పూట తింటున్నాడు, ఎండలోకి మాత్రం పోనివ్వడం లేదు. ఇక కామయ్య. అతనికి జ్వరం లేదు, దెబ్బ లేదు, అయినా మనిషి సగమయ్యాడు. పిలిచినా మా ఇంటికి రావడం మానేశాడు. ఈ ఆఖరి మనిషి కోసమే ఈ అర్జీ.

నేను చదివింది మూడో క్లాసు. ఉదయగిరి కచేరీ ముందర గరిటెలు, చెంచాలు అమ్ముకొంటూ, పక్కన అర్జీలు వ్రాసే ఆయన పైకి చదువుతుంటే విని విని ఈ మాటలు పట్టుబడ్డాయి. ఆయనచేతనే వ్రాయించి ఉందును. కానీ ఆయన వ్రాస్తే ఎవరి కష్టమైనా ఒకే మాదిరి ఉంటుంది. తప్పులుంటే మన్నించి, ఈ కింది సంగతులు వరసగా చూడమని మనవి.

1. వలి నా కూతురి కొడుకు. కూతురు పోయినప్పటినుంచి నానీ, నానీ అంటూ నా దగ్గరే పెరిగాడు. తాత వదిలిపోయిన పనే చేస్తాడు. పొద్దస్తమానం కూర్చుని చెక్క చెక్కే పని గనుక కాళ్లు పట్టేస్తాయని భయపడి, కొండెక్కి దిగిరమ్మని చిన్నతనంలో నేనే తరిమేదాన్ని. అది నడక కాస్తా పరుగైంది. ఇప్పుడు తెల్లారేసరికి కోటదాకా పోయి వస్తాడు. వచ్చేదాకా నేను గడపలోనే ఉంటాను.

కామయ్యది చేజర్ల దగ్గర పల్లె. తండ్రి వెంగయ్య గొర్రెలు మేపుతాడు. గొర్రెల వెంట పరుగెత్తి పరుగు నేర్చినవాడు కామయ్య. నిరుడు ఇదే పందెంలో అతను మొదట, మావాడు అతని వెనక. కప్పు చేతపట్టుకొని మావాడితోపాటు మా ఇంటికే వచ్చి అన్నం తిన్నాడు. ఆనాటినుంచి నన్ను అవ్వా అని పిలుస్తాడు. ఏడాదిలో ఆ ఒక్క పందెం పూట తప్పితే, వాళ్లిద్దరిదీ ఒకే కంచం.

సదరు కామయ్యకు ఇప్పుడు అడవి శాఖలో గార్డు పని వచ్చి ఉంది. నడక పరీక్షలో నెగ్గాడు. తమరు నడవడిక సర్టిఫికెట్టు ఇస్తే పోయి చేరతాడు. పందెం కమిటీ వారు ఇచ్చిన ఫిర్యాదు విచారణలో ఉన్నందున ఆ కాగితం తమరి బల్ల మీద ఆగి ఉంది. అక్టోబరు మొదటి వారం దాటితే ఆ పని తరువాతి పేరు గలవానికి పోతుందట.

2. ఆ తేదీ మాకు రంజాను నెలలో పడింది. వలి రోజా ఉన్నాడు. హిందువులు ఒక్కపొద్దు అంటారే, అదే. అయితే మాకు పొద్దు గుంకేదాకా మంచినీళ్లు కూడా గొంతు దిగకూడదు. ఈ యేడు పందెం మానుకోమని బతిమాలాను. పందెం మానకపోతే ఆ ఒక్క రోజుకు రోజా అయినా వదలమన్నాను. దారిన పోయేవానికి, జబ్బు పడినవానికి మా దీనులో, అంటే మతంలో, సడలింపు ఉంది, తరువాత ఇంకొక దినం ఉండి తీర్చుకోవచ్చు.

“పందెం కోసం రోజా ఇడిస్తే రేపు దేనికోసమైనా ఇడుస్తాను నానీ,” అన్నాడు.

ముందురోజే ఆత్మకూరు వచ్చి జీనత్ ఇంట్లో దిగాము. తెల్లవారకముందు తినే వేళ చెంబెడు నీళ్లు ఇచ్చి తాగమంటే సగం తాగి పెట్టేశాడు. మిగిలిన సగం చూస్తూ కూర్చున్నాను.

చేజర్లలో జెండా ఎగరేసేముందు వలి కామయ్యను పక్కకు పిలిచాడట. ఈ మాట నాకు తరువాత ఇద్దరూ చెప్పారు, వేరువేరుగా, ఒకే విధంగా.

“నేను యాడన్నా కూలబడితే జనం మూగి నోట్లో నీళ్లు పోస్తారు. పొయ్యనీబాక కామయ్యా,” అన్నాడట వలి.

“నువ్వు కూలబడితే నేను బోయి కప్పు తెచ్చుకోనా, నీకాడ కావిలి కూకుంటానా,” అని కామయ్య నవ్వాడట. వలి నవ్వలేదు. అప్పుడు కామయ్య కూడా నవ్వు ఆపి మంద మీద ఒట్టు వేశాడు.

అయ్యా, తమరు పట్నంనుంచి వచ్చినవారు, ఈ సంగతి తెలియకపోవచ్చు. గొర్రెలు కాసేవాళ్లు బిడ్డ మీద వేసిన ఒట్టయినా తప్పుతారేమో గానీ, మంద మీద వేసిన ఒట్టు తప్పరు. తప్పితే మందకు తెగులు తగులుతుందని వాళ్ల నమ్మకం. మావాడికి అది తెలుసు. తెలిసే వేయించాడు.

3. కమిటీ వారి గురించి రెండు ముక్కలు. తెల్లవారగానే విడవవలసిన పందెం, ముఖ్య అతిథి గారి కారు రాలేదని ఎండ ముదిరేదాకా నిలిపారు. పిల్లలు బనియన్లతో నిలబడే ఉన్నారు. తరువాత ఉపన్యాసం. పరుగెత్తేవాళ్ల వెంబడి నీళ్ల కడవలతో జీపు వస్తుందని చెప్పి ఉన్నారు. జీపు వచ్చిన మాట వాస్తవం. అయితే అతిథి గారిని ఆత్మకూరులో పందెం ముగిసే రిబ్బను దగ్గరకు ముందుగా చేర్చాలని పిల్లలకంటే ముందర వెళ్లిపోయింది. కడవలు అందులోనే ఉన్నాయి. ఇది చాడీ కాదు. దారిలో నీళ్ల కొరత ఎట్లా వచ్చిందో తమరికి తెలియడానికి మాత్రమే వ్రాసుకొన్నాను.

4. ఆ పూట నేను జీనత్ ఇంట్లో కూర్చోలేకపోయాను. చెంబులో నీళ్లు పోసుకొని, కొంగున ఉప్పు, బెల్లం ముడివేసుకొని చేజర్ల దారి పట్టాను. రోజా ఉన్నవాడికి నీళ్లు తీసుకుపోతున్నావా ఖాలా అని జీనత్ నవ్వింది. నేనూ రోజాలోనే ఉన్నాను. ఎందుకు తీసుకుపోతున్నానో నాకూ తెలియదు. భయమున్నవాళ్లు చేతులూపుకొంటూ నడవలేరు.

ఊరు దాటి చాలాదూరం పోయాక ఎదురుగా పరుగెత్తేవాళ్లు రావడం మొదలైంది. మొదట కామయ్య రావాలి, లేదా వలి రావాలి. వచ్చినవాడు ఎవరో. వెనక వచ్చినవాడూ ఎవరో. ఇంకొకడు వస్తుంటే రోడ్డు మధ్యకు పోయి ఉదయగిరి పిల్లవాడు యాడున్నాడు నాయనా అని అడిగాను. అతను ఆగలేదు, చెయ్యి వెనక్కి చూపించి పోతూ పోతూ, “పడిపోయుండాడు అవ్వా,” అన్నాడు.

అయ్యా, నా మోకాళ్లు తమరి జవాను మోకాళ్లకంటే అన్యాయం. ఆ దూరం ఎట్లా పోయానో చెప్పలేను. చెంబులో నీళ్లు ఒలుకుతాయని చేత్తో మూసుకొని పరుగెత్తాను. అదొక్కటి గుర్తుంది.

రోడ్డు వంపులో ఒక ఎద్దులబండి ఆపి ఉంది. దాని నీడలో వలిని పడుకోబెట్టారు. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు వచ్చి చుట్టూ చేరారు. నేను చెయ్యి వేస్తే వలి ఒళ్లు పొయ్యిమీది పెనం. పరుగెత్తి వచ్చిన మనిషికి చెమట చుక్క లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. చచ్చిపోయిన తాతతో ఏదో మాట్లాడుతున్నాడు, చెంచా కాడ విరిగిందని. వేళ్లు చెక్క చెక్కుతున్నట్టు వాటంతట అవి కదులుతున్నాయి.

రామలక్ష్మమ్మ అనే ఆమె బిందెతో వాడి తల మీద నీళ్లు పోస్తూ ఉంది. వాడి నోటిమీద కామయ్య అరచెయ్యి ఉంది. అయ్యా, ఫిర్యాదులో ఉన్న చెయ్యి అదే. దాన్ని నేను నా కళ్లతో చూశాను. సదరు చెయ్యి నొక్కలేదు. పాలకుండ మీద మూకుడు వాల్చినట్టు, కింద గాలి ఆడేటట్టు గుల్లగా పెట్టి ఉంది. తల మీద పోసే నీళ్లు జారి నోట్లోకి పోకుండా అడ్డం. ముక్కు మీద లేదు. వేళ్ల సందుల్లోనుంచి వలి మాట్లాడే మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. నోరు నొక్కితే మాట ఎట్లా వస్తుంది?

“తల మీద పొయ్యండమ్మా, ఒళ్లంతా పొయ్యండి, గుడ్డలు తడపండి. నోట్లో మాత్రం వద్దు. ఒక్కపొద్దులో ఉండాడు,” అంటున్నాడు కామయ్య. ఏడుస్తూ అంటున్నాడు.

“ఒక్కపొద్దు బతికుంటే గదరా. చెయ్యి తీస్తావా, తియ్యవా,” అని రామలక్ష్మమ్మ తిడుతూ ఉంది. తిడుతున్నదే గానీ ఆమె కూడా ఆ చేతిని లాగలేదు. బండి తోలే పెద్దాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. నీళ్ల ముంత తెచ్చిన ఇంకొక ఆమె ఒక్కపొద్దు అనే మాట విని, ముంతను వెనక్కి దాచుకొంది.

ఇది తమరు ముఖ్యంగా గ్రహించాలి. అక్కడున్నవాళ్లలో మా మతం మనిషి ఒక్కరూ లేరు. మావాడి రోజా పోకూడదని వాళ్లందరూ కాపలా కాశారు. ఆ మర్యాదే నా బిడ్డను చంపబోయింది. మర్యాదను ఏ సెక్షను కింద శిక్షిస్తారో నాకు తెలియదు.

నేను రాకముందే కమిటీ కార్యదర్శి వరదయ్య గారు మోటారు సైకిలు మీద అటుగా వచ్చి, బండి దిగకుండానే చూసి, జీపును పంపిస్తానని వెనక్కి తిరిగారట. పందెంలో మొదటివాడు రెండోవాడి నోటి మీద చెయ్యి పెట్టి ఉండటం ఆయన చూశారు. ఆయన అబద్ధం చెప్పలేదు. చూసినంతవరకు చూశారు, అంతే.

నేను చతికిలబడి, “కామయ్యా, చెయ్యి తియ్యి,” అన్నాను.

“మంద మీద ఒట్టేసినాను అవ్వా.”

“రోగం వచ్చినోడికి రోజా లేదు నాయనా. రోజా పెట్టినోడే ఆ మాట కూడా చెప్పినాడు. పాపముంటే నా నెత్తిన ఎయ్యి. తెగులొస్తే నా ఇంటికి రానీ.”

వాడు వలి మొహం చూశాడు. వాళ్ల పల్లె దిక్కు చూశాడు, ఆ దిక్కున మంద ఉంటుంది. తరువాత చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకొని దాని వంకే చూస్తూ ఉండిపోయాడు.

చెంబులో ఉప్పు, బెల్లం కలిపాను. ఒక్కసారి పోస్తే పొలమారి ఊపిరి పోతుందని భయం. పోయకపోతే అసలుకే మోసమని భయం. కొంగు తడిపి పెదవుల మీద పిండాను. చుక్క నోటి పక్కనుంచి జారి నేలపాలైంది. మళ్లీ పిండాను. అదీ జారింది. వాడి గొంతు మీద నా వేలు పెట్టుకొని మళ్లీ పిండాను. వేలి కింద గొంతు కదిలింది.

రామలక్ష్మమ్మ తన మొహం కొంగులో దాచుకొంది.

5. గొంతు కదిలినా తెలివి రాలేదు. జీపు రాలేదు. ఎద్దులబండిలో పోతే ఎప్పటికి పోతాము? కామయ్య లేచి, కుంటి గొర్రెను ఎత్తుకొన్నట్టు వలిని మెడ వెనకగా రెండు భుజాల మీద వేసుకొన్నాడు, చేతులు ఒక పక్క, కాళ్లు ఒక పక్క.

“నువ్వు బండెక్కి రా అవ్వా,” అని పరుగు తీశాడు.

అప్పటికే చాలా దూరం పరుగెత్తి ఉన్న పిల్లవాడు. వలి పడిపోకముందు తాను ముందున్నాడు. వెనక చప్పుడు ఆగిందని తిరిగి వచ్చాడు. ఆ పరుగులో ఉన్న కప్పును అక్కడే వదిలేశాడు. ఇప్పుడు ఇంకొకరి బరువుతో అదే రోడ్డు.

నేను బండిలో వెనక. రోడ్డు మీద నీళ్ల చుక్కలు వరసగా పడి ఉన్నాయి, వలి తడిగుడ్డల్లోనుంచి కారినవి. అవి కనిపించినంతసేపు నాకు ఊపిరి ఆడింది. ఎండకు ఆరిపోయి కనిపించకుండా పోయినచోట, బిడ్డను దించేశాడేమో, దించవలసి వచ్చిందేమో అనుకొంటూ బండిలోనుంచి రెండు పక్కలా గట్ల వెంబడి చూస్తూ పోయాను. ఆ చూపు ఇప్పటికీ పోలేదు. రోడ్డు పక్కన ఏ గుడ్డ పడి ఉన్నా ఉలికిపడుతున్నాను.

ఆత్మకూరులో మొదటివాడు తెంచిన రిబ్బనును మళ్లీ ముడివేసి, ఫోటో కోసం పట్టుకొని ఉన్నారట. కామయ్య రావడం చూసి కొందరు చప్పట్లు కొట్టారు. మనిషిని మోసుకొస్తే చెల్లదు, ఆగు ఆగు అని కమిటీ వారు కేకలు వేశారు. అతను తల వంచుకొని రిబ్బనులోనుంచే దూసుకొనిపోయాడు, ఆసుపత్రిలో గాని ఆగలేదు. ఆ రిబ్బను మావాడి కాలికి చుట్టుకొని మంచందాకా వచ్చింది. నర్సమ్మ కత్తిరించి తీసింది. ఆ ముక్క నా దగ్గర ఉంది, కావలసి వస్తే దాఖలు చేస్తాను.

డాక్టరు గారు సెలైను ఎక్కించారు, సోడా అంగడినుంచి ఐసుగడ్డ తెప్పించి చంకల్లో పెట్టించారు. పొద్దు వాలినాక వలి నన్ను గుర్తుపట్టాడు. తల మీద, ఒంటి మీద నీళ్లు పోస్తూ ఉండటం వల్ల మనిషి దక్కాడని డాక్టరు గారు చెప్పారు. లోపలికి నీళ్లు పోవడం ఆలస్యమైనందువల్ల ప్రాణం మీదికి వచ్చిందని కూడా చెప్పారు. తల మీద పోయించినవాడు కామయ్య. లోపలికి ఆలస్యం చేసినవాడూ కామయ్యే. రెండూ వ్రాస్తున్నాను. ఒకటి దాచి ఒకటి చెబితే తమరు రెండూ నమ్మరు.

6. మరునాడు వరదయ్య గారు ఆసుపత్రికి వచ్చారు. పండ్లు తెచ్చారు, దానికి సంతోషం. నీ నోరు మూసింది ఎవరు బాబూ అని అడిగారు. వలి కళ్లు మూసుకొనే కామయ్య అన్నాడు, మళ్లీ నిద్రపోయాడు. నేను ఇంకా చెప్పబోయేలోగా ఆయన లేచారు. కామయ్య తన పోటీదారు నోరు నొక్కి, నీళ్లు పోయనివ్వకుండా అడ్డుపడి ప్రాణాపాయం కలిగించాడని ఫిర్యాదు పెట్టారు. లేచి తిరగగలిగాక వలి ఆయన అంగడికి పోయి జరిగినదంతా చెప్పాడు. స్నేహం కొద్దీ మాట మారుస్తున్నావు అన్నారట.

7. ఇక కామయ్య చేసిన పని. తమరి కచేరీలో గుమాస్తా గారు అతన్ని పిలిచి, నోరు మూసిన మాట నిజమేనా అని అడిగారు. మూసినాను సార్ అన్నాడు. అంతే, ఇంకొక ముక్క లేదు. ఈ సంగతి తెలిసి నేను బస్సెక్కి వాళ్ల పల్లెకు పోయాను. అతను గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాడు.

“మూసినాను గదా అవ్వా. మూయలేదని ఎట్ట చెప్పేది?”

“ఎందుకు మూసినావో చెప్పరా.”

“చెప్తే వలి ఒట్టేయించుకున్నాడని వాడి మీదికి పోతాది. సావు తప్పి లేచినోడు. పోనీలే.”

ఉద్యోగం పోతుంది గదా అంటే, గొర్రెలుండాయి గదా అన్నాడు. అయ్యా, ఆ గొర్రెల్లో కూడా రెండు ఆ నెలలోనే పోయినవి. జలుబు తగిలి పోయాయని వెంగయ్య అంటాడు. ఒట్టు మాట అతను ఎత్తలేదు. ఎత్తి నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

ఇంకొక భయం ఉంది. బజారులో ఈ మాట రెండు రకాలుగా తిరుగుతున్నది. హిందువుల పిల్లవాడు తురకల పిల్లవాడి నోరు నొక్కాడని కొందరు. మంచి చేయబోయినవాడిని ఇరికించారని కొందరు. నా మరిది బర్కతుల్లా నిన్న వచ్చి, “మన బిడ్డ నోరు నొక్కినోడికి నువ్వు అర్జీ రాస్తావా వదినా,” అన్నాడు. నా మనవడి నోటి సంగతి నాకంటే నీకు ఎక్కువ తెలుసా అని అడిగాను. టీ తాగకుండా పోయాడు. ఆ రోడ్డు మీద ముంత వెనక్కి దాచుకొన్న ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఆమె చెవిన ఈ బజారు మాటలు పడితే ఏమనుకొంటుందో అని నాకు దిగులు. ఇంకొకసారి ఎవరి బిడ్డ పడిపోయినా దగ్గరకు వస్తుందా?

8. కావున నేను కోరేది ఏమనగా, ఫిర్యాదులో నోరు నొక్కెను అని ఉన్నచోట, నోటికి నీళ్లు తగలకుండా చెయ్యి అడ్డము పెట్టెను అని దిద్దించాలి. ఒట్టు వేయించుకొన్నది మా వలి అని, నోటిలో నీళ్లు పోసి రోజా తెంచినది నేను అని చేర్చాలి. దానికి శిక్ష ఉంటే నాకు వేయాలి. కామయ్య తప్పు చేయలేదని నేను వ్రాయను. మాట నిలుపుకోవడం ఎక్కడ ఆపాలో అతనికి తెలియలేదు, అది తప్పే. అయితే చెబితే ఆపాడు. మందకు తెగులు వస్తుందని నమ్ముతూ కూడా చెయ్యి తీశాడు. అంతకంటే మంచి నడవడిక ఏ సర్టిఫికెట్టులో వ్రాస్తారో నాకు తెలియదు. అడవిలో ఎవరైనా పడిపోతే మోసుకురావడానికి అట్లాంటివాడు కావాలి గదా.

విచారణ అక్టోబరు ఒకటో తేదీ సోమవారం పెట్టారని తెలిసింది. వలిని, రామలక్ష్మమ్మను, బండి తోలే పెద్దాయనను నేను తీసుకొస్తాను. కామయ్యను తీసుకురావడం నా వల్ల అవుతుందో లేదో.

ముసలిదాని గోడు గదా అని పక్కన పెట్టక, తలనొప్పి లేని పూట చూసుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ బీబమ్మ.

తా.క. ఇంతవరకు వ్రాసి అంటించబోతుండగా కామయ్య వచ్చాడు. తనంతట తానే వచ్చాడు. విషయం ఏమనగా, ఆనాడు తెగిన రోజాకు బదులు వలి ఇంకొక దినం రోజా ఉండి తీర్చుకోవాలి. డాక్టరు గారు ఇప్పుడు ఉండవచ్చునన్నారు. విచారణకు ముందురోజు ఆత్మకూరులో జీనత్ ఇంట్లో ఉంటానని వలి అతనికి కబురు పెట్టాడట. దానికి కామయ్య, “చెడగొట్టింది నా చెయ్యే గదా, నాకూ ఒకటి బాకీ ఉండాది అవ్వా,” అంటున్నాడు. తానూ ఆ రోజు నీళ్లు ముట్టడట. నీకు మా రోజాతో పనేందిరా, నీకు బాకీ లేదురా అని మొత్తుకొన్నాను. వినలేదు. వీళ్లిద్దరూ నేను చెప్పినది ఎప్పుడు విన్నారు గనుక.

అయ్యా, ఇప్పుడు నాకు ఒకరి భయం పోయి ఇద్దరి భయం పట్టుకొంది. పరుగు లేదు, పగలంతా నీడలోనే కూర్చోబెడతాను, అయినా భయమే. పొద్దు గుంకగానే మొదటి గుటక వలి తన చేత్తో కామయ్య నోట్లో పోస్తాడట. ఆ తరువాత విచారణలో అంతా చెబుతానని కామయ్య ఒప్పుకొన్నాడు. ఈసారి ఒట్టు వేయించుకోలేదు.

ఆ చెయ్యి, ఆ నోరు తమరు కళ్లారా చూస్తే నేను వ్రాసినదంతా చదవనక్కరలేదు. జీనత్ ఇల్లు బస్టాండు వెనక, జవానుకు తెలుసు. కచేరీకి సెలవు రోజే. అమ్మగారి దగ్గుకు మిరియాల కషాయం కాచి ఉంచుతాను. ఎండ తగ్గాక బయలుదేరండి, గొడుగు మరవవద్దు. పొద్దు గుంకేలోగా తమరు వస్తారని ఇద్దరికీ చెప్పేశాను: సెప్టెంబరు ముప్పయ్యో తేదీ, ఆదివారం.